ఆఖరి బండి వచ్చేదాకా...

మట్టిబాటల్లో బైకు నడపడం ఓ సరదా. ఆ సరదా ఒక్కసారితో ఆగిపోకుండా నెలనెలా సాగాలంటే మాత్రం ధైర్యం ఒక్కటే సరిపోదు. క్యాలెండర్, కాగితం, కాస్త మర్యాద... ఇవన్నీ కావాలి. హైదరాబాద్ పొరుగున అనంతగిరి బాటల్లో సాగే అలాంటి ఓ ఆదివారం వెనక ఎంత కసరత్తు ఉంటుందో చూద్దాం రండి.

హైదరాబాద్ నుంచి పడమటి దిక్కుగా బయల్దేరితే 75 కిలోమీటర్లు అటూ ఇటూ. మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ దాటి కుడివైపు తిరిగితే వికారాబాద్. ఆ ఊరు దాటి తాండూరు దారి పట్టగానే రోడ్డు మెలికలు తిరుగుతుంది. గాలి చల్లబడుతుంది. అదే అనంతగిరి. ఆదివారం వస్తే చాలు, కొండ మీద కార్లు బారులు తీరతాయి. అనంత పద్మనాభస్వామి దర్శనం, వ్యూ పాయింట్ దగ్గర ఫొటోలు, వేడివేడి మిర్చిబజ్జీ, సాయంత్రానికి ఇల్లు. చాలామందికి తెలిసిన అనంతగిరి ఇంతే.

తారు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఇంకో అనంతగిరి మొదలవుతుంది. ఎర్రటి మొరం బాటలు, కందిచేల మధ్య బండ్ల జాడలు, వానాకాలంలో మోకాలి లోతు పారే వాగులు, వేసవిలో పొడిరాళ్లు తేలే ఎత్తులు. ముందు చక్రం పెద్దగా, మడ్‌గార్డు ఎత్తుగా ఉండే బళ్లు వేసుకుని కొందరు వెతుక్కుంటూ వచ్చేది ఈ దారుల కోసమే.

పదిహేనేళ్ల కిందట మన దగ్గర ఇలాంటి బండి కొనాలంటే గగనమే. 2011లో హీరో ‘ఇంపల్స్’ పేరుతో ఒకటి తెచ్చింది కానీ ఎక్కువకాలం నిలవలేదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ‘హిమాలయన్’ వచ్చింది. 2019లో హీరో ‘ఎక్స్‌పల్స్ 200’ లక్ష రూపాయలకు అటూ ఇటూ ధరతో దిగింది. దాంతో మట్టిదారి మోజు ఉద్యోగాలు చేసుకునే మామూలు కుర్రాళ్లకూ అందుబాటులోకి వచ్చింది. బండ్లు వచ్చాయి, జట్లూ పుట్టుకొచ్చాయి. చిక్కల్లా ఒకటే. చాలా జట్లు రెండు మూడు ఆదివారాలకే చెదిరిపోతుంటాయి. నిలిచేవి ఎందుకు నిలుస్తాయన్నదే అసలు కథ.

రెండు గిరులు, రెండు మట్లు

ముందుగా పేరు తిరకాసు. అనంతగిరి అనగానే విశాఖవాసులకు అరకు దారిలోని కాఫీతోటల అనంతగిరి గుర్తుకొస్తుంది. అది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. మనం చెప్పుకుంటున్నది 2016 అక్టోబరులో ఏర్పడిన వికారాబాద్ జిల్లాలోది. కొత్తగా జట్టులో చేరినవాళ్లు ఫోన్లో మ్యాప్ పెట్టుకుని బయల్దేరేముందు ఏ అనంతగిరో ఒకసారి చూసుకోవడం మంచిది!

ఈ కొండలు గొప్ప ఎత్తేమీ కాదు. కానీ భాగ్యనగరానికి వీటి రుణం ఉంది. మూసీ పుట్టింది ఇక్కడే. 1908 నాటి వరదల తర్వాత ఆ నది మీద కట్టి, 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగర్... అదే మన గండిపేట... నగరం గొంతు తడిపింది. ఇక్కడి గాలి మంచిదని నిజాం జమానాలో క్షయరోగుల కోసం కొండ మీద శానిటోరియం పెట్టారు. ఓ బండి ఇంజిన్ ఆయిల్ ఇక్కడి వాగులో కారితే అది ఎటు వెళ్తుందో ఇక వేరే చెప్పాలా? అందుకే వాగు ఒడ్డున బండి కడగకూడదన్నది తెలిసిన జట్లలో మొదటి నియమం.

బండి నడిపేవాళ్లకు కావాల్సింది ఎత్తుకంటే మట్టి. అది ఇక్కడ రెండు రకాలు. కొండ నెత్తిన ఎర్రటి మొరం, పల్లంలో నల్లరేగడి. ఎర్రమట్టి మీద వాన పడ్డా గంటా రెండు గంటల్లో నీరు దిగిపోతుంది, చక్రానికి పట్టు దొరుకుతుంది. నల్లరేగడి అలా కాదు. తడిస్తే బంక. చక్రానికి చుట్టుకుని, మడ్‌గార్డు సందులో మెత్తుకుని, చివరికి చక్రం తిరగడమే మానేస్తుంది. వంద అడుగులు వెళ్లడానికి నాలుగుసార్లు దిగి పుల్లతో గీక్కోవాలి. ఎండితే అదే నేల నెర్రెలిచ్చి, ముందు చక్రాన్ని పట్టాలమీదకు ఎక్కించినట్టు లాగేస్తుంది. ఏ నెలలో ఏ దారికి వెళ్లాలో చెప్పేది ఈ మట్టే.

తేదీ వేస్తేనే దారి

‘ఎప్పుడైనా వెళ్దాం’ అనుకున్న ప్రయాణం ఎప్పటికీ జరగదు. ఎనిమిదిమందికీ కుదిరే రోజు వెతకడం మొదలుపెడితే ఒకరికి పెళ్లి, ఇంకొకరికి పిల్లల పరీక్షలు, మరొకరికి నైట్ షిఫ్టు. అందుకే నిలబడే జట్లు తేదీని అడగవు, ముందే వేసేస్తాయి. ఉదాహరణకు, నెలలో రెండో ఆదివారం. ఆ రోజు ఎందరు వస్తే అందరితో బయల్దేరడం. రానివాళ్ల కోసం తేదీ మార్చడం ఉండదు. వినడానికి కటువుగా ఉన్నా దీనివల్ల ఓ మేలుంది. ఇంట్లోవాళ్లకీ ఆ ఆదివారం సంగతి ముందే తెలుస్తుంది. మిగతా మూడు ఆదివారాలు ఇంటివే అన్న భరోసా కుదురుతుంది. నెలనెలా గొడవ పడక్కర్లేదు.

ఏడాది పట్టిక కూడా ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎర్రమట్టి బాటలే. అక్టోబరు, నవంబరుల్లో పచ్చదనం బాగుంటుంది కానీ, పల్లెల్లో అది పంట చేతికొచ్చే కాలం. మక్కలు రోడ్డు మీదే ఆరబోస్తారు. వాటి మీదుగా చక్రం పోనిస్తే రైతు కడుపు మీద పోనిచ్చినట్టే. తొలి ఏకాదశికి, కార్తీకంలో అనంతగిరి గుడికి జాతర జనం పోటెత్తుతారు. ఆ వారాల్లో కొండవైపు వెళ్లకుండా ఉండటమే మర్యాద. డిసెంబరు, జనవరి మంచి నెలలు. ఫిబ్రవరి నుంచి మే వరకూ ఎండిన గడ్డి, రాలిన ఆకు. ఒక్క సిగరెట్ పీక చాలు, గుట్ట మొత్తం అంటుకోవడానికి. వేసవిలో వెళ్లే జట్లు తెల్లారేలోపు మొదలుపెట్టి, పది గంటలకల్లా ముగించేస్తాయి.

ఇక బాధ్యత. ప్రతిసారీ ఒక్కరే దారి చూసి, ఫోన్లు చేసి, టిఫిన్ సంగతి కనుక్కుంటే ఆరు నెలల్లో ఆ మనిషికి విసుగొస్తుంది. ఆయన మానేసిన రోజే జట్టూ పోతుంది. అందుకని నెలకొకరు పెద్దరికం తీసుకోవడం ఉత్తమం. దారి ఎంచేది, వారం ముందు వెళ్లి చూసొచ్చేది, ‘వెళ్దాం’ అనేది, ‘వద్దు’ అనేది ఆ నెల పెద్దే. ఖర్చుల డబ్బూ లెక్కా ఇంకొకరి చేతిలో ఉంటే ఇద్దరికీ మంచిది.

ఎవరి దారి... ఎవరి నేల?

మట్టి కనిపించిందని బండి దించేయడానికి లేదు. అనంతగిరి చుట్టూ ఉన్నది చాలావరకూ రిజర్వు ఫారెస్టు. అనుమతి లేకుండా అందులోకి బళ్లతో వెళ్లడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. కాలిబాట ఉంది కదా, గేటు లేదు కదా అన్న వాదన చెల్లదు. ఇక పొలాల్లోంచి వెళ్లే దారుల్లో సగం పట్టాభూములే. గట్టు మీద బండి ఎక్కిస్తే గట్టు తెగుతుంది, పంటకు పెట్టిన నీళ్లు పోతాయి.

మరి మిగిలేదేమిటి? తెలంగాణ పల్లెల్లో అందరికీ తెలిసిన మాట ఒకటుంది... నక్షా బాట. ఊరి రెవెన్యూ పటంలో గీతగా ఉండి, తరతరాలుగా ఎడ్లబళ్లు, ఇప్పుడు ట్రాక్టర్లు నడిచే దారి. ఊరికీ ఊరికీ మధ్య, ఊరికీ చెరువుకీ మధ్య ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. వీటికి పంచాయతీ రాజ్ మట్టిరోడ్లు, కాల్వకట్టల పక్క దారులు కలిస్తే 30 కిలోమీటర్ల ఆదివారం తయారవుతుంది. కోటిపల్లి ప్రాజెక్టు వైపు వెళ్లేవాళ్లు చేసేది ఇదే. అడవిని పక్కనే చూస్తూ, అడవిలోకి మాత్రం చక్రం పెట్టకుండా సాగిపోవడం.

ఏది నక్షా బాటో ఫోన్లోని ఉపగ్రహ చిత్రం చెప్పదు. ఊళ్లో టీకొట్టు దగ్గర ఆగి అడగాలి. వారం ముందు ఇద్దరు వెళ్లి చూసొచ్చేది సగం ఇందుకే. అడిగే తీరులోనే అంతా ఉంది. హెల్మెట్ తీసి, ఇంజిన్ ఆపి, నమస్తే పెడితే చెప్పనివాళ్లుండరు. అయితే ఆ పలకరింపు ఒక్కోసారి ఇలా మొదలవుతుంది.

‘‘మొన్న మీలెక్కనే పది బండ్లోళ్లు వచ్చి మా గొర్లను బెదరగొట్టి పోయిండ్రు బిడ్డా. మీరు ఆళ్లేనా?’’

‘‘కాదు తాతా. మేం మెల్లగ పోతం. గొర్లు కనిపిస్తే బండ్లు బంద్ చేసి ఆగుతం.’’

‘‘ఆగుతే పోండ్రి. ఆగకపోతే మళ్ల ఈ తొవ్వ తొక్కకుండ్రి.’’

ఆ పెద్దాయన మాటలో చట్టం మొత్తం ఉంది. ఒక్కసారి వచ్చిపోయే గుంపుకు ఊరితో పనిలేదు. దుమ్ము లేపి వెళ్లిపోతుంది. ప్రతి నెలా రావాలనుకునే జట్టుకు మాత్రం ఊరే పూచీకత్తు. ముందు వెళ్లినవాడి అల్లరికి తర్వాత వచ్చినవాడు జవాబు చెప్పుకోవాలి. ఇల్లు కనిపించగానే వేగం తగ్గించడం, తెరిచిన దడిగేటు మళ్లీ మూయడం, సైలెన్సర్‌ను కంపెనీ ఇచ్చినట్టే ఉంచడం, టిఫిన్ ఆ ఊరి హోటల్లోనే తినడం... ఇవన్నీ మంచితనం కోసమే కాదు, వచ్చే నెల కోసం కూడా.

ఈ తగువు మనకొక్కరికే కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పల్లెబాటల్లో బైకులు నడిపేవాళ్లు 1970లోనే ట్రైల్ రైడర్స్ ఫెలోషిప్ అని సంఘం పెట్టుకున్నారు. చిన్న గుంపులుగా వెళ్లాలి, గుర్రాలు ఎదురైతే ఇంజిన్ ఆపాలి అని తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. అయినా 2006లో వచ్చిన ఓ చట్టంతో అక్కడి ఎన్నో పాతబాటల మీద మోటారు బళ్లకు ఉన్న హక్కు రద్దయిపోయింది. దారి పోవడానికి ఒక్క సంతకం చాలు. నిలబెట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది.

గంటల లెక్క, గాలి లెక్క

కాగితం మీద 30 కిలోమీటర్లంటే గంట ప్రయాణం. మట్టిలో అది నాలుగు గంటలు. ఎందుకంటే, ఎనిమిది బళ్లలో ఒకటైనా పడుతుంది. ఒకటైనా పంక్చరవుతుంది. గొర్లమంద ఒకటైనా ఎదురవుతుంది. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు వేసుకున్నా గంట పోయినట్టే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు వెనక నుంచి లెక్క కడతారు. చలికాలంలో సాయంత్రం ఆరు కాకముందే పొద్దుగూకుతుంది. మధ్యాహ్నం మూడున్నరకల్లా తారురోడ్డు ఎక్కాలి. అంటే ఒంటిగంటకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. ‘ఇంకో వాగు దాటి చూద్దాం’ అన్న మాటకు ఒంటిగంట తర్వాత విలువ లేదు.

పెట్రోలు లెక్క అన్నిటికంటే చిన్న ట్యాంకు ఉన్న బండితో వేస్తారు. వేగం లెక్క అన్నిటికంటే కొత్తగా నేర్చుకుంటున్న మనిషితో వేస్తారు. బాగా నడిపేవాళ్లకు ఇది కాస్త చిరాకే. కానీ కొత్తవాడు భయపడి రెండోసారి రాకపోతే, రెండేళ్లలో జట్టులో మిగిలేది పాతవాళ్లు ముగ్గురే.

చక్రాల్లో గాలి సంగతి వేరు. రోడ్డు మీద 25 నుంచి 30 మధ్య ఉండే గాలిని మట్టిలోకి దిగేముందు 20కి అటూ ఇటూ దించుతారు. టైరు కాస్త పరచుకుని నేలను పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి చిరుగుతుంది. తిరిగి రోడ్డెక్కేముందు మళ్లీ గాలి నింపాలి. కాబట్టి జట్టులో కనీసం ఒకరి దగ్గర చిన్న పంపు ఉండాల్సిందే.

వాగు వస్తే ముందు మనిషి నడిచి చూడాలి. తర్వాతే బండి. నీటి కింద రాయి ఉందో గుంత ఉందో పైకి తెలియదు. బండి నీళ్లలో పడి ఆగిపోతే వెంటనే సెల్ఫ్ నొక్కడం పెద్ద పొరపాటు. ఇంజిన్‌లోకి నీరు చేరి ఉంటే లోపలి కడ్డీ వంగిపోతుంది. ఒడ్డుకు లాగి, ప్లగ్గు విప్పి, నీరంతా బయటికి పోయాకే మళ్లీ ప్రయత్నించాలి. నీరు మోకాలు దాటినా, మట్టిరంగులో ఉరవడిగా పారుతున్నా ఇక ఆలోచనే వద్దు. బళ్లు వెనక్కి తిప్పడమే.

మలుపులో నిలబడే మనిషి

పొలాల మధ్య బాట చీలినచోట ముందువాళ్లు ఎడమకు, వెనకవాళ్లు కుడికి వెళ్లిపోతే ఏం చేయాలి? సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండదు. దుమ్ములో బళ్లు కనిపించవు. దీనికి ప్రపంచమంతటా మట్టిబాట జట్లు వాడే ఓ పాత చిట్కా ఉంది. భలే సులువు.

అందరికంటే ముందు దారి తెలిసిన మనిషి. అందరికంటే వెనక నిదానమైన, మరమ్మతు తెలిసిన మనిషి. వీళ్లిద్దరూ రోజంతా మారరు. దారి చీలినచోట ముందువాడి వెనకే ఉన్న రెండోవాడు అక్కడ ఆగిపోతాడు. బండి పక్కకు పెట్టి, ఎటు వెళ్లాలో వచ్చేవాళ్లకు చేత్తో చూపిస్తాడు. ఒక్కొక్కరూ అతన్ని దాటి వెళ్తారు. ఆఖరి బండి వచ్చేదాకా కదలడు. ఆ ఆఖరి బండి కనిపించాక దానికంటే ముందు బయల్దేరి వరసలో చివరి నుంచి రెండోవాడవుతాడు. తర్వాతి మలుపులో ఇంకొకరి వంతు. ఇలా రోజంతా వరస తిరుగుతూనే ఉంటుంది. అందరూ ఓసారి ముందుంటారు, ఓసారి వెనకుంటారు, ఓసారి ఎండలో ఒంటరిగా నిలబడతారు.

ఈ పద్ధతికి ఒక్కటే మూలధనం... నమ్మకం. మలుపులో నిలబడ్డవాడు పది నిమిషాలైనా ఎవరూ రాలేదని విసుగొచ్చి వెళ్లిపోయాడనుకోండి. సరిగ్గా అదే సమయానికి వెనక ఎవరో పడి, కాలు బండి కింద ఇరుక్కుని ఉండవచ్చు. లేచి వచ్చేసరికి మలుపులో మనిషి లేడు. తప్పు దారి. చీకటి. ఒక జట్టు నిలుస్తుందో లేదో తెలియాలంటే వాళ్ల బళ్లు చూడక్కర్లేదు. మలుపులో మనిషి ఎంతసేపు నిలబడతాడో చూస్తే చాలు.

‘వద్దు’ అనగలిగితేనే పెద్ద

ఆ నెల పెద్దకు అసలు పరీక్ష శనివారం రాత్రి. సంచులు సర్దేశారు. ట్యాంకులు నిండాయి. సాయంత్రం వికారాబాద్ వైపు గట్టి వాన. కొందరు ‘పర్లేదు, వెళ్దాం’ అంటారు. వెళ్లొచ్చు కూడా. కానీ తడిసిన రేగడిలో ఎనిమిది బళ్లు వెళ్తే ఏం జరుగుతుంది? బాట మీద మూరెడు లోతు గాళ్లు పడతాయి. అవి ఎండి గట్టిపడితే సోమవారం పొద్దున ఎరువుల బస్తాలతో వచ్చే రైతు బండి అందులో ఇరుక్కుంటుంది. ఎనిమిదిమంది సరదా ఖరీదు ఊరంతా కట్టాలి. అలాంటి రాత్రి ‘రేపు వద్దు’ అనడమే పెద్దరికం. అలా అన్నందుకు ఎవరూ మొహం ముడుచుకోకపోవడం జట్టుకు అందం.

నిజానికి మట్టికన్నా భయపడాల్సింది తారుకే. మట్టిలో పడేవాళ్లు ఎక్కువగా తక్కువ వేగంలో పడతారు. పాదం, చీలమండ, భుజం ఎముకలకు దెబ్బలు తగులుతాయి. చీలమండ దాటే బూట్లు, మోకాలి చిప్పలకు రక్షణ, ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఉంటే చాలావరకు గట్టెక్కుతారు. రోడ్డు మీద అలా కాదు. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొన్న ఘోరంలో 19 మంది చనిపోయారు. మట్టిబాట కోసం బయల్దేరేవాళ్లు రానూపోనూ దాటాల్సింది ఆ రోడ్డే. అందుకే తెల్లవారుజామున పోటీలు పడి రావడాలు, సాయంత్రం అలసిపోయి తొందరగా ఇల్లు చేరాలనుకోవడాలు పనికిరావు. చేవెళ్ల దగ్గర ఓసారి ఆగి, టీ తాగి, ఒళ్లు విరుచుకుని కదిలితే పోయేది పావుగంట.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మామూలు బండి బీమా పాలసీల్లో పందేలకూ, వేగ పరీక్షలకూ వర్తించదని రాసి ఉంటుంది. ‘ఎవరు ముందెళ్తారో చూద్దాం’ అన్న సరదా పందెం ప్రమాదమైతే ఆసుపత్రి బిల్లుతో పాటు బీమా చిక్కూ తప్పదు. ఎవరికైనా గట్టి దెబ్బ తగిలితే మొదటి గంట బంగారం. కదపకుండా 108కి ఫోన్ చేయాలి. సిగ్నల్ లేకపోతే ఒకరు గుట్ట ఎక్కాలి. ‘ఎక్కడున్నాం’ అంటే పక్క ఊరి పేరు చెప్పగలగాలి. ఆ ఊరి పేర్లు రాసిన చిన్న కాగితం అందరి జేబుల్లోనూ ఉండాలి. సాయం చేసినవాళ్లను కేసులతో ఇబ్బంది పెట్టకుండా 2019 మోటారు వాహన చట్ట సవరణ రక్షణ ఇచ్చింది. ఆగడానికి ఎవరూ జంకక్కర్లేదు.

ఇంట్లో అమ్మానాన్నలకు ఓ మాట. కొడుకో కూతురో ‘ఆదివారం జట్టుతో వెళ్తాం’ అంటే ‘వద్దు’ అని గదమాయించే ముందు నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి. ఎంతమంది? వెనక ఉండేదెవరు? ఒంటిగంటకు ఎక్కడుంటారు? వాన పడితే ఏం చేస్తారు? టకటకా జవాబులొస్తే ఆ జట్టు మంచిదే. నీళ్లు నమిలితే మీ భయం న్యాయమైనదే. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకైతే ఈ ప్రశ్నలే అక్కర్లేదు. బండి ఇచ్చిన పెద్దలకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడేలా చట్టం ఉంది.

కరిగిపోతున్న బాటలు

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక దిగులు వదలదు. ఏటా కొన్ని దారులు పోతున్నాయి. నగరం పడమటికి పాకుతోంది. చేవెళ్ల దాటాక రోడ్డుకు రెండువైపులా ఫామ్ ప్లాట్ల బోర్డులు, ప్రహరీలు, ఇనుప గేట్లు. పోయిన ఏడు ట్రాక్టరు వెళ్లిన బాటకు ఈ ఏడు కంచె అడ్డం. బీజాపూర్ రోడ్డు వెంట దాదాపు 900 పాతకాలపు మర్రిచెట్లున్నాయి. రహదారి విస్తరణకు వాటిని కొట్టేయొద్దంటూ ప్రకృతి ప్రేమికులు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. పూడూరు మండలం దామగుండం అడవిలో దాదాపు 2,900 ఎకరాల్లో నౌకాదళం సమాచార ప్రసార (వీఎల్‌ఎఫ్) కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా కేంద్రం తర్వాత దేశంలో ఇలాంటిది ఇది రెండోది. దేశ రక్షణకు అవసరమని ప్రభుత్వం, లక్షల చెట్లు పోతాయని పర్యావరణవేత్తలు... వాదోపవాదాలు నడిచాయి.

బైకుల మీద వచ్చేవాళ్లది ఈ లెక్కల్లో చాలా చిన్న గొంతు. వాళ్ల చక్రాలూ నేలను గాయపరిచేవే. ఆ సంగతి ఒప్పుకున్నవాళ్లే ఈ బాటల మీద నిలబడి మాట్లాడగలరు. నెలనెలా వచ్చేవాళ్లకు ఒక అవకాశం మాత్రం ఉంది. బాట మీద కంచె పడితే ముందు చూసేది వాళ్లే. ఊరివాళ్లతో పరిచయం ఉంటే ‘ఇది నక్షా బాటే కదా అన్నా’ అని సర్పంచి చెవిన వేయగలరు. వేసవిలో గుట్ట మీద పొగ కనిపిస్తే అటవీ సిబ్బందికి ఫోన్ చేయగలరు. తెచ్చిన నీళ్లసీసాలతో పాటు, ఎవరో పారేసిన నాలుగు సీసాలూ సంచిలో వేసుకు వెళ్లగలరు. దారిని వాడుకునేవాళ్లు దారికి కాపలా కూడా కావడం... ఈ సరదాకు అంతకుమించిన సమర్థన లేదు.

సంచిలో ఏముండాలి?

* మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లం.
* ముందు, వెనక చక్రాలకు చెరో ట్యూబు, టైరు విప్పే లివర్లు, పంపు.
* విరిగితే మార్చుకోవడానికి క్లచ్, బ్రేకు లివర్లు. పడినప్పుడు ముందు విరిగేవి ఇవే.
* బండి లాగడానికి గట్టి తాడు, చుట్టుకోవడానికి ఇనుప తీగ, టేపు.
* దూది, కట్టు గుడ్డ, వెడల్పాటి క్రేప్ బ్యాండేజీ, కాలిన గాయాల మందు. వేడి సైలెన్సర్ కాళ్లకు ఎప్పుడూ ముప్పే.
* రక్తం గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ. ఫోన్లో కాదు, కాగితం మీద.
* లైసెన్సు, ఆర్సీ, బీమా పత్రాలు.
* ఓ ఖాళీ గోనెసంచి... చెత్త వెనక్కి తేవడానికి.

మధ్యాహ్నం మూడున్నర. తారురోడ్డు పక్కన చింతచెట్టు నీడ. ఒక్కొక్క బండీ వచ్చి ఆగుతుంది. ఏడు వచ్చాయి. ఎవరూ హెల్మెట్ తీయరు, ఎవరూ టీ చెప్పరు. దూరంగా ఎర్రటి దుమ్ము లేస్తుంది. ఎనిమిదోది వస్తుంది. అప్పుడు తలలు లెక్కపెట్టి, గాలి నింపుకుని, టీ గ్లాసులు చేతిలోకి తీసుకుంటారు. ఖర్చులు పంచుకుంటారు. పక్క ఊరి పెద్దాయన చెప్పిన కొత్త చెరువుదారి గురించి మాట్లాడుకుంటారు. తాగిన గ్లాసులు కింద పెట్టేలోపే ఓ ప్రశ్న వస్తుంది... ‘‘వచ్చే నెల పెద్ద ఎవరు?’’

చెయ్యి ఒకటి లేస్తుంది. ఎత్తింది మొన్నటిదాకా జట్టులో అందరికంటే వెనకబడ్డ కొత్త కుర్రాడైతే, ఆ జట్టుకు ఇంకో ఏడాది ఢోకా లేనట్టే.